చదరంగపు గింజల సంఖ్యను కాగితం మీదే విడగొట్టడం ఎలా?

ఇరవై అంకెల సంఖ్య ఒకటి చేతిలో పెట్టి దీని కారణాంకాలు చెప్పమంటే చాలామందికి ముందు టెన్షన్, ఆ వెంటనే ఫోన్ గుర్తుకొస్తాయి. రెండూ అక్కర్లేదు. సంఖ్య ఎంత పెద్దదైనా సరే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఒకే సంఖ్యను తీసుకుని దాని అంతు చూద్దాం: 18446744073709551615. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే వచ్చే మొత్తం ఇది. ఇంటర్ లెక్కలు వచ్చినవాళ్లకు ఇందులో బెదిరిపోవాల్సింది ఏమీ లేదు. కాగితం, పెన్ను, కాస్త తీరిక ఉంటే చాలు.

1. ముందు సంఖ్యను సరిగ్గా దింపుకోండి

నవ్వొచ్చే సలహాలా ఉంటుంది గానీ, పెద్ద సంఖ్యలతో చేసే లెక్కలు చాలావరకు ఇక్కడే చెడతాయి. మామూలు కాలిక్యులేటర్ యాప్ దీన్ని 1.8446744 పక్కన 10 ఘాతం 19 అని చూపించి ఊరుకుంటుంది. ఎక్సెల్‌లో టైప్ చేస్తే 15 అంకెలు ఉంచుకుని మిగతావన్నీ సున్నాలు చేసేస్తుంది. సంఖ్యాసిద్ధాంతంలో చివరి అంకె పోతే అంతా పోయినట్టే. కాబట్టి కంప్యూటర్ వాడాలనుకుంటే పైథాన్ లాంటిది వాడండి, అందులో పూర్ణాంకాలకు అంకెల పరిమితి అడ్డురాదు.

మన పద్ధతిలో కామాలు పెడితే ఇది 1,84,46,74,40,73,70,95,51,615. అంటే సుమారు లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు.

సరిచూసుకోవడానికి తెలుగువాళ్ల దగ్గర ఇంకో ఆధారం కూడా ఉంది. గణితకవి పావులూరి మల్లనదిగా చెప్పుకునే పద్యం ఒకటి ఈ సంఖ్యను భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు మాటలు వాడే పద్ధతిలో, దాచిపెట్టింది: “శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు...” మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శర, సాయక అంటే 5. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి, చంద్ర, తుహినాంశు అంటే 1. షట్క, తర్క 6. నవరంధ్రాల వల్ల రంధ్ర 9. వియత్తు, గగనం శూన్యం, అంటే 0. నగ, భూధర, గిరి అన్నీ కొండలే, కులపర్వతాలు ఏడు కాబట్టి 7. అగ్ని 3. సముద్రాలు, వేదాలు, బ్రహ్మ ముఖాలు నాలుగేసి. కుంజర అంటే దిగ్గజాలు, 8. వరసగా రాస్తే 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. భూతసంఖ్యల్లో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి దీన్ని తిరగేసి చదవండి. సరిగ్గా మన సంఖ్యే. ఒక్క అంకె కూడా తేడా లేదు.

2. స్కూల్లో నేర్చుకున్న పరీక్షలన్నీ ఒకసారి తిప్పేయండి

ఇది రెండు నిమిషాల పని. చివరి అంకె 5, కాబట్టి 5తో పోతుంది. చివరి రెండంకెలు 15, కాబట్టి 25తో పోదు. అంకెల మొత్తం 87. అది 3తో పోతుంది, 9తో పోదు. అంటే 3, 5 ఒక్కొక్కసారే ఉన్నాయి.

7, 11, 13లకు విడివిడిగా భాగహారం చేయకండి. 7 × 11 × 13 = 1001 కాబట్టి మూడిటినీ ఒకే దెబ్బకు తేల్చవచ్చు. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి (ఇక్కడ మన లక్షల కామాలు పనికిరావు, ఇంగ్లీషు వాళ్ల కామాలే కావాలి) ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోవాలి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016ను 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2. మూడూ పోవు. ఆ 11 శేషం 4 అన్నది పక్కన రాసి ఉంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడితో ఆగకుండా 17, 19, 23 అంటూ వరసగా భాగించుకుంటూ పోవాలని చెయ్యి లాగుతుంది. వద్దు. ఈ సంఖ్య వర్గమూలం 429 కోట్లకు పైమాట. ఆ దారిలో వెళ్తే తెల్లారిపోతుంది.

3. పుట్టుక చూడండి

1 + 2 + 4 + ... + 2⁶³ అనే గుణశ్రేఢి మొత్తం 2⁶⁴ − 1. ఇంక ఎనిమిదో తరగతి సూత్రమే: రెండు వర్గాల భేదం.

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1)

ఎడమ బ్రాకెట్ మళ్లీ అదే రకం. దాన్ని విడగొడితే (2¹⁶ − 1)(2¹⁶ + 1) వస్తుంది. అందులో మొదటిది మళ్లీ విడిపోతుంది. చివరిదాకా వెళ్తే:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల రాక్షసి ఆరు ముక్కలైంది. అన్నిటికంటే పెద్ద ముక్కకు కూడా పదే అంకెలు. ఒక్క భాగహారం కూడా చేయలేదని గమనించండి.

ఈ ఆరు ముక్కలకూ ఒక పేరుంది: ఫెర్మా సంఖ్యలు. 2 ఘాతం 1, 2, 4, 8, 16, 32 తీసుకుని ఒకటి కలిపితే వచ్చేవి. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని పియర్ ద ఫెర్మా 1640 నుంచి తన ఉత్తరాల్లో రాస్తూ వచ్చాడు. మొదటి ఐదింటి విషయంలో ఆయన మాట నిజమే. ఆరోది, అంటే 4294967297, దగ్గర బెడిసికొట్టింది. 1732లో ఆయిలర్ దాన్ని విడగొట్టాడు.

4. పదంకెల ముక్కను ఆయిలర్ దారిలో పట్టడం

అసలు రుచి ఇక్కడుంది, నిదానంగా చదవండి. 4294967297 వర్గమూలం 65536 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే ఆరు వేలకు పైగా భాగహారాలు. కానీ ఏ ప్రధాన సంఖ్య పడితే అది దీన్ని భాగించలేదు. ఎందుకో చూద్దాం.

‘ప’ అనే ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తుందనుకోండి. అప్పుడు ‘ప’ పరంగా, అంటే ‘ప’తో భాగిస్తే, 2³² శేషం −1 (శేషం ప − 1 అన్నా −1 అన్నా ఒకటే). రెండువైపులా వర్గం చేస్తే 2⁶⁴ శేషం 1. ఇప్పుడు 2 ఘాతాలు రాసుకుంటూ పోతే శేషం 1 మొట్టమొదటిసారి ఎక్కడ వస్తుంది? ఆ స్థానం 64ను భాగించాలి, కాబట్టి అది 1, 2, 4, 8, 16, 32, 64లలో ఒకటి. 64 కాకుండా మిగతావన్నీ 32ను కూడా భాగిస్తాయి. వాటిలో దేని దగ్గర 1 వచ్చినా 2³² దగ్గర కూడా 1 రావాలి. అక్కడ −1 వచ్చింది కదా! కాబట్టి మొదటిసారి 1 వచ్చేది 64 దగ్గరే.

ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2 ఘాతం (ప − 1) శేషం కూడా 1. అందుకని 64 అనేది (ప − 1)ను భాగించి తీరాలి. అంటే ‘ప’ 64తో భాగిస్తే శేషం 1 వచ్చే సంఖ్య. అలాంటివి వరసగా 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో ప్రయత్నానికి పని అయిపోతుంది.

ఇంకా తగ్గించవచ్చు. 1878లో ఎడ్వర్డ్ లూకా ఈ 64ను 128 చేశాడు. దాని వెనకున్న కిటుకు చిన్నది, అందమైనది. 2⁸(2¹⁶ − 1) అనే సంఖ్యను వర్గం చేయండి:

2¹⁶(2³² − 2¹⁷ + 1)

‘ప’ పరంగా 2³² + 1 అంటే సున్నా, కాబట్టి బ్రాకెట్‌లో −2¹⁷ ఒక్కటే మిగులుతుంది. మొత్తం −2³³. అంటే −2 × 2³², అంటే −2 × (−1), అంటే 2. అలా 2కు వర్గమూలం దొరికింది. 2కు 64 దగ్గర మొదటిసారి 1 వస్తే దాని వర్గమూలానికి 128 దగ్గర వస్తుంది. కాబట్టి 128 అనేది (ప − 1)ను భాగించాలి. ఇప్పుడు జాబితా 129, 257, 385, 513, 641. ప్రధాన సంఖ్యలు 257, 641 రెండే. 257 అనేది 2⁸ + 1 కాబట్టి దాని పరంగా 2⁸ శేషం −1, 2³² శేషం 1, 2³² + 1 శేషం 2. అదీ కొట్టేశాం. మిగిలింది 641.

641 భాగిస్తుందని చూపడానికి కూడా పెద్ద భాగహారం అక్కర్లేదు. 641ను రెండు రకాలుగా రాయవచ్చు:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

మొదటిదాన్నిబట్టి 641 పరంగా 5 × 2⁷ శేషం −1. నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాన్నిబట్టి 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. పెడితే −2³² శేషం 1. అంటే 2³² + 1 శేషం 0. అయిపోయింది. పదంకెల సంఖ్య భాగించబడుతుందని మూడు లైన్లలో తేలింది.

భాగఫలం కోసం ఒక్కసారి మామూలు భాగహారం చేయక తప్పదు: 4294967297 = 641 × 6700417.

5. మిగిలిన ముక్కలు ప్రధానమేనా?

“ఇంక విడిపోయేలా లేదు” అనిపించడం వేరు, రుజువు వేరు. ఈ అడుగును ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

6700417 వర్గమూలం 2588 చిల్లర. మామూలుగా అయితే 2588 లోపు ప్రధాన సంఖ్యలన్నిటినీ ప్రయత్నించాలి. కానీ ఇది 2³² + 1లో భాగమే కాబట్టి దీని కారణాంకాలకూ 128 నిబంధన వర్తిస్తుంది. 128తో భాగిస్తే శేషం 1 వచ్చేవి 129 నుంచి 2561 దాకా ఇరవై. వాటిలో 129, 385, 513, 897, 1025 లాంటివి చూడగానే పోతాయి. 1537 = 29 × 53, 1793 = 11 × 163, 1921 = 17 × 113, 2561 = 13 × 197 లాంటివి కాస్త గట్టిగా చూస్తే పోతాయి. నిఖార్సైన ప్రధాన సంఖ్యలు ఐదు మిగులుతాయి: 257, 641, 769, 1153, 1409. 257 సంగతి ముందే తేల్చేశాం. మిగతా నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు:

641తో 44
769తో 120
1153తో 334
1409తో 622

ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. నాలుగు భాగహారాలతో ఏడంకెల ప్రధాన సంఖ్యకు పూర్తి రుజువు దొరికింది.

65537కు ఇంకా తేలిక. అది 2¹⁶ + 1. పైన చేసిన వాదనే 32 బదులు 16 పెట్టి చేస్తే కారణాంకాలు 64తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలై ఉండాలి. వర్గమూలం 256 చిల్లర కాబట్టి చూడాల్సినవి 65, 129, 193. ప్రధానమైనది 193 ఒక్కటే. శేషం 110. కథ కంచికి. 257కైతే వర్గమూలం 16 దాటి కొంచెం, నిబంధనకు సరిపడే సంఖ్య ఆ లోపు అసలు లేనేలేదు.

తుది విడగొట్టుడు ఇదీ:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

6. తొమ్మిదితోనూ పదకొండుతోనూ తనిఖీ

ఏడు సంఖ్యలను గుణించి చూడటం కంటే శేషాలతో చూడటం నయం. 9 పరంగా ఈ ఏడింటి శేషాలు 3, 5, 8, 5, 2, 8, 7. గుణిస్తూ ప్రతిసారీ 9లు తీసేస్తూ పోతే 6, 3, 6, 3, 6, 6. అటువైపు అంకెల మొత్తం 87, దాని శేషం కూడా 6. సరిపోయింది.

11 పరంగా శేషాలు 3, 5, 6, 4, 3, 10, 9. గుణిస్తే చివరికి 4. మొదట్లో పక్కన రాసుకున్న 4 ఇదే. 9 తనిఖీ ఒక్కటే చేస్తే అంకెలు తారుమారైనా పట్టుబడదు, 11 తనిఖీ పక్కపక్క అంకెలు మారితే పట్టేస్తుంది. అందుకే రెండూ చేయాలి.

7. కారణాంకాలు చేతికొచ్చాక ఏమేం లాగవచ్చు

భాజకాల సంఖ్య చిటికెలో వస్తుంది. ఏడు ప్రధాన సంఖ్యలూ వేరువేరు, ఒక్కోటీ ఒక్కసారే ఉంది. ప్రతిదాన్నీ తీసుకోవడమో మానడమో కాబట్టి 2⁷ = 128 భాజకాలు.

భాజకాల మొత్తం 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418. గుణించకుండానే ఒక మాట చెప్పవచ్చు. ఈ మొత్తాన్ని సంఖ్యతో భాగిస్తే సుమారు 1.7034 వస్తుంది. 2 కంటే తక్కువ కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్య కాదు, తనను మినహాయించిన భాజకాలన్నీ కలిపినా తనంత రావు.

ఆయిలర్ ఫై విలువ, అంటే 1 నుంచి ఈ సంఖ్య దాకా దీనితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్ని అన్నది, మరింత ముచ్చటగా ఉంటుంది. ప్రతి ప్రధాన సంఖ్యలోంచీ ఒకటి తీసి గుణించాలి: 2 × 4 × 16 × 256 × 65536 × 640 × 6700416. మొదటి ఐదూ కలిసి 2³¹ అవుతాయి. మొత్తం 9208981628670443520. సంఖ్యలో సగానికి ఇది ఓ వెంట్రుకవాసి తక్కువ, 0.4992 వంతు. ఫెర్మా అన్నట్టు 4294967297 నిజంగా ప్రధాన సంఖ్యే అయ్యుంటే ఇది సగానికి ఓ వెంట్రుకవాసి ఎక్కువ ఉండేది. ఆ తేడా అంతా 641 చేసిన పనే.

ఇదే 641 జ్యామితిలోనూ అడ్డుపడుతుంది. 1796లో గౌస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని చూపాడు. ఫై విలువ శుద్ధమైన 2 ఘాతమైతేనే అలా గీయడం కుదురుతుంది. అది తప్పనిసరి అన్న భాగానికి రుజువు వాంట్సెల్ 1837లో ఇచ్చాడు. 2³² − 1, అంటే 4294967295, భుజాల బహుభుజి ఆ నియమానికి నిలుస్తుంది. గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే అతి పెద్దది. మన సంఖ్యకు మాత్రం 640లోని 5 వల్ల ఆ యోగం లేదు.

వర్గాల సంగతి ఒక్క చూపులో తేలుతుంది. చివరి మూడంకెలు 615ను 8తో భాగిస్తే శేషం 7. వర్గాలకు 8 పరంగా 0, 1, 4 తప్ప వేరే శేషం రాదు. మూడు వర్గాలు ఎలా కలిపినా 7 రాదు. కాబట్టి ఇది వర్గం కాదు, రెండు వర్గాల మొత్తమూ కాదు, మూడింటి మొత్తమూ కాదు. లాగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం నాలుగు వర్గాలతో ఏ సంఖ్యనైనా రాయవచ్చు, దీనికి ఆ నాలుగూ కావాల్సిందే.

8. పుట్టుక తెలియని సంఖ్య ఎదురైతే

అప్పుడు ఈ సుఖం ఉండదు. ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో ఓ వెయ్యి దాకా భాగించి చూడండి. తర్వాత ఫెర్మా పరీక్ష: 2ను (సంఖ్య − 1) ఘాతానికి ఎత్తి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా? రాకపోతే అది కచ్చితంగా సంయుక్త సంఖ్య. వస్తే మాత్రం సంబరపడకండి. మన 4294967297నే చూడండి. దాని పరంగా 2⁶⁴ శేషం 1, పైగా 64 అనేది 2³²ను భాగిస్తుంది. కాబట్టి 641 × 6700417 అయ్యుండి కూడా ఈ పరీక్షలో దర్జాగా పాసైపోతుంది. ఆధారంగా 2 బదులు 3 పెడితే దొంగ దొరుకుతాడు: 641 పరంగా 3⁶⁴ శేషం 169, 3¹²⁸ శేషం 357. అక్కణ్ణుంచి ఎన్నిసార్లు వర్గం చేసినా 1 రాదు. ఏ ఒక్క ఆధారాన్నీ నమ్మకుండా, ఇంకాస్త కఠినమైన మిల్లర్-రాబిన్ పరీక్షను రెండు మూడు ఆధారాలతో చేయడం మంచిది.

సంయుక్తమని తేలి, చిన్న కారణాంకాలు దొరక్కపోతే 1975లో పొలార్డ్ చెప్పిన రో పద్ధతి ఇరవై ముప్ఫై అంకెల దాకా ఇంట్లో కంప్యూటర్ మీదే పనిచేస్తుంది. వందల అంకెలకు వెళ్తే సంగతి వేరు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను 2020లో గానీ విడగొట్టలేకపోయారు, అదీ బోలెడన్ని కంప్యూటర్లను కలిపి నడిపిస్తే.

చెయ్యి తిరగడానికి ఒక లెక్క. పన్నెండు తొమ్మిదులు పక్కపక్కన రాయండి: 999999999999. ఇది 10¹² − 1. వర్గాల భేదంతో మొదలుపెట్టి, 10⁶ + 1ను ఘనాల మొత్తంగా చూస్తే 101 × 9901 వస్తుంది. 10⁶ − 1 ముక్కను 999 × 1001గా విడగొట్టుకోవచ్చు. ఇక తేల్చాల్సింది 9901 ప్రధానమా కాదా అన్నదే. నాలుగో అడుగులో చేసినలాంటి వాదనతోనే దాని కారణాంకాలు 12తో భాగిస్తే 1 మిగిలేవై ఉండాలి, వర్గమూలం 99 చిల్లర. అంటే ప్రయత్నించాల్సినవి 13, 37, 61, 73, 97. ఆ ఐదు భాగహారాలూ మీవే.